కంటికి ఆనే అక్షరం

పదో తరగతి పరీక్షలు ముగిసిన కొద్దిరోజులకే జిల్లా కేంద్రాల్లో జవాబు పత్రాలు దిద్దే స్పాట్ క్యాంపులు మొదలవుతాయి. ఏప్రిల్ ఎండలు అప్పటికే ముదిరి ఉంటాయి. ఏదో ఒక పెద్ద బడిలో తరగతి గదులు ఖాళీ చేయించి, ఒక్కో గదికి ఒక చీఫ్ ఎగ్జామినర్‌నూ ఆయన కింద కొందరు అసిస్టెంట్ ఎగ్జామినర్లనూ (ఏఈలు) కూర్చోబెడతారు. పేరూ హాల్‌టికెట్ నంబరూ కనబడకుండా కోడ్ వేసిన జవాబు పత్రాల కట్టలు బల్లల మీదికి వస్తాయి. ఏ జిల్లా పిల్లల పేపర్లను ఆ జిల్లాలో దిద్దరు. పదో తరగతికైతే ఒక్కొక్కరికి రోజుకు 40 పేపర్లు, ఇంటర్‌కైతే 30. కాస్త అటూ ఇటూగా ఇదీ లెక్క. పొద్దున కూర్చుని సాయంత్రం లేచేలోగా, భోజనానికి పోయిన సమయం తీసేస్తే, ఒక పేపరుకు పది నిమిషాలు దక్కడమే ఎక్కువ. ఆ పది నిమిషాల్లోనే బిట్లు, చిన్న ప్రశ్నలు, పెద్ద ప్రశ్నలు, పటం, గ్రాఫు చూడాలి, మార్కుల పట్టిక నింపాలి, టోటల్ సరిచూడాలి. ఒక్కో జవాబు మీద కన్ను నిలిచేది అర నిమిషం.

ఆ అర నిమిషంలో ఏం జరుగుతుందో దిద్దే ఉపాధ్యాయులను అడిగితే దాచకుండానే చెబుతారు. రాత తేటగా ఉంటే కన్ను వాక్యం వెంట పరుగెడుతుంది. కీలో ఉన్న ముక్కలు ఒక్కొక్కటే తగులుతూ పోతాయి, చేయి దానంతటదే మార్కు వేస్తుంది. రాత తెలియకపోతే చూపు ఒక్కో మాట దగ్గరా ఆగుతుంది. ఆగిన చోటల్లా సందేహం పుడుతుంది. ‘ఈ పిల్లవాడికి తెలుసా, తెలియక గీసేశాడా?’ ముప్ఫయ్యో పేపరు దగ్గర, మధ్యాహ్నం మూడు గంటల వేళ, ఫ్యాను కింద కూడా చెమట పట్టే గదిలో, ఆ సందేహం పిల్లవాడి పక్షాన తేలడం కష్టం. అది ఉపాధ్యాయుడి దుర్మార్గం ఎంతమాత్రం కాదు, మనిషి కన్ను అలసిపోతుంది. ఒకే జవాబును రెండు మూడు రకాల దస్తూరీల్లో రాయించి వేర్వేరు ఉపాధ్యాయులతో దిద్దించిన పరిశోధనలు విదేశాల్లో దశాబ్దాలుగా జరుగుతున్నాయి. తేటగా రాసిన ప్రతికి ఎక్కువ మార్కులు పడటం వాటిలో పదేపదే కనిపించింది. విషయాన్ని మాత్రమే చూడండి, రాతను పట్టించుకోకండి అని ముందే చెప్పి దిద్దించినప్పుడు కూడా ఆ తేడా పోలేదు.

మార్చి వచ్చిందంటే పత్రికల్లో, పాఠశాల అసెంబ్లీల్లో, కోచింగ్ కేంద్రాల గోడల మీద చేతిరాత గురించి సలహాలు కనబడతాయి. ముత్యాల్లాంటి అక్షరాలు రాయండి, మార్జిన్ వదలండి, హెడ్డింగుల కింద గీత కొట్టండి. ఇవన్నీ మంచి మాటలే. కానీ ఈ సలహాల్లో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతున్నాయి. ముత్యాల రాత ఒక కళ. అది వచ్చినవాళ్ళను మెచ్చుకుందాం, బడి వార్షికోత్సవంలో బహుమతి ఇద్దాం. పరీక్షకు కావలసింది అది కాదు. ముక్కూ మొహం తెలియని ఇంకో జిల్లా ఉపాధ్యాయుడు రెండోసారి చూడకుండా చదువుకోగలిగితే చాలు. దానికి అక్షరాలు గుండ్రంగా ఉండనక్కర్లేదు, ఒకే వాలుగా ఉండనక్కర్లేదు. ఏ అక్షరం ఏదో తెలిస్తే చాలు, మాటకూ మాటకూ మధ్య ఎడం కనిపిస్తే చాలు. ‘నీ రాత బాగోలేదు’ అని పదేళ్ళపాటు విన్న పిల్లవాడు అందం తన వల్ల కాదని ఊరుకుంటాడు. ‘నీ పకారం వకారంలా పడుతోంది’ అని ఒక్కసారి ఎవరైనా చూపిస్తే వారం రోజుల్లో దిద్దుకుంటాడు. మన బళ్ళలో మొదటి మాట వినబడినంతగా రెండో మాట వినబడదు.

పకారం సంగతి ఊరికే అనలేదు. తెలుగు లిపిలో కంటికి ఎంత ఇంపు ఉందో, వేగంగా రాసే చేతికి అంత ప్రమాదమూ ఉంది. ప, వ, స, ష ఒకే ఆకారం మీద నడిచే అక్షరాలు. ఒక చిన్న గీత, ఒక మెలిక, పైన కాస్త తెరపి, వాటి మధ్య తేడా అంతే. ప పైభాగం తెరుచుకుని ఉండాలి. తొందరలో ఆ తెరపి మూసుకుపోతే సాంఘిక శాస్త్రం జవాబులో ‘పంట’ కాస్తా ‘వంట’ అవుతుంది. దకారం కింద చిన్న గీత పడితే ధ, లోపల చుక్క కూడా పడితే థ. మూడు గంటల పరీక్షలో రెండో గంట దాటాక చుక్కలు, గీతలు పెట్టే ఓపిక ఏ చేతికి ఉంటుంది? మ, వు విడివిడిగా రాస్తే వేరే, కలిపి లాగేస్తే ఒకటే. గుడి చివర చిన్న మెలిక తిరిగితే ‘నీరు’, తిరగకపోతే ‘నిరు’. తలకట్టు అయితే మరీ తేలిక బలి. కలం ఎత్తి మళ్ళీ పెట్టాల్సిన గీత కాబట్టి వేగం పెరిగిన కొద్దీ ముందుగా రాలిపోయేది అదే.

ఇక ఒత్తులు. సైన్సు పేపరులో ‘ద్రవ్యం’ అని రాయబోయి యవత్తు మరీ చిన్నదిగా వేస్తే, లేదా అది జారి పక్క అక్షరం కింద పడితే, దిద్దేవాళ్ళ కంటికి కనిపించేది ‘ద్రవం’. పదార్థమంతా ఒక మాట, నీరూ నూనే ఇంకో మాట. పిల్లవాడికి తేడా తెలుసు, కాగితం మీద మాత్రం తెలియనట్టే ఉంది. పైగా మన అక్షరాలు గీతకు పైకీ కిందికీ కూడా పెరుగుతాయి. పై వరుసలోని ఒత్తులు కిందికి దిగుతాయి, కింది వరుసలోని గుడులు, ఏత్వాలు పైకి లేస్తాయి. గీతల మధ్య ఎడం చాలని కాగితం మీద ఇవి రెండూ ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. జవాబు పత్రాల మీద గీతలు కొట్టేటప్పుడు ఈ సంగతి ఆలోచించడం బోర్డుకు పెద్ద ఖర్చు కాదు. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయే ఎడం తెలుగుకు సరిపోవాలని లేదు.

మన పిల్లలు ఒకటి కాదు, మూడు లిపులు రాస్తారు. తెలుగు గుండ్రన, హిందీకి పైన అడ్డగీత, ఇంగ్లిష్ కలిపిరాత. మూడింటికీ చేయి తిరిగే తీరు వేరు, కలం ఎత్తే చోటు వేరు. పదిహేనేళ్ళు నిండేసరికి మూడు లిపుల్లోనూ మూడు గంటలపాటు రాయగలగడం చిన్న విషయం కాదు. ఒకే లిపితో పెరిగే దేశాల పిల్లలతో పోల్చి ‘మావాళ్ళ రాతలు బాగోవు’ అనేముందు ఈ భారాన్ని గుర్తుంచుకోవాలి. లెక్కల పేపరు మాత్రం రాత బాధ లేనిది అనుకుంటాం. అక్కడ ఇంకో రకం నష్టం ఉంది. తను వేసిన ఒకటిని కింది మెట్టులో తనే ఏడు అనుకుని, సున్నాను ఆరు అనుకుని, సరిగ్గా మొదలెట్టిన లెక్కను తప్పు జవాబు దగ్గర ముగించే పిల్లలను లెక్కల టీచర్లు ప్రతి తరగతిలోనూ చూస్తూనే ఉంటారు. బిట్ పేపరులోనూ అంతే. బ్రాకెట్లలో ఏ, బీ, సీ, డీ అని పెద్ద ఇంగ్లిష్ అక్షరాలు రాయాలి. చెరిపి దిద్దినా, ఒకదాని మీద ఇంకొకటి రాసినా మార్కు రాదు. హడావుడిగా రాసిన బీ, డీ ఒకేలా ఉంటాయి. తెలిసిన బిట్టు పోతుంది.

అసలు రాత ఎక్కడ చెడుతోంది? పెద్దవాళ్ళు ఫోన్ల మీద నెపం పెట్టి ఊరుకుంటారు. అంత తేలికైన సంగతి కాదు. మూడున్నరేళ్ళకే నాలుగు గీతల పుస్తకం చేతికిచ్చి, ఇంకా వేళ్ళు గట్టిపడని పిల్లచేత పేజీలకు పేజీలు రాయిస్తున్నాం. పలక మీద దిద్దడం, ఇసుకలో, బియ్యంలో వేలితో రాయడం అక్షరాభ్యాసం నాటి ఫోటోకే మిగిలిపోయింది. ఒకటో తరగతి నుంచి హోంవర్కు అంటే నోట్సు ఎక్కించుకోవడం. ఇంపోజిషన్ అంటే పదిసార్లు, ఇరవైసార్లు రాయడం. పదిసార్లు రాసే పిల్లవాడు నేర్చుకునేది అక్షరం కాదు, ఆ పని త్వరగా వదిలించుకునే ఉపాయం. మొదటి వరుస బాగుంటుంది, పదో వరుసకు వచ్చేసరికి తలకట్లు పోతాయి. అలా పోయిన తలకట్లే తర్వాత పబ్లిక్ పరీక్షలో కూడా కనబడవు. చూచిరాత పుస్తకాల్లో ఉపాధ్యాయులు పేజీ అడుగున సంతకం పెడుతున్నారే తప్ప, పిల్ల పక్కన కూర్చుని చేయి ఎటు నుంచి ఎటు తిరగాలో చూపే తీరిక వాళ్ళకు లేదు. ఒకే ఉపాధ్యాయుడు ఐదు తరగతులు చూసుకునే బడిలో ఆ తీరిక ఎక్కడిది?

కొవిడ్ ఏళ్ళు ఇంకో దెబ్బ. 2020లోనూ 2021లోనూ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పదో తరగతి పరీక్షలే రద్దయ్యాయి. ఆ పెద్ద పిల్లల గురించి అందరం మాట్లాడుకున్నాం. ఆ ఏళ్ళలో ఒకటో తరగతిలో చేరాల్సిన పిల్లల గురించి అంతగా మాట్లాడుకోలేదు. చేయి పట్టి దిద్దించాల్సిన వయసులో వాళ్ళు ఫోను తెర ముందు కూర్చున్నారు, చాలామందికి ఆ తెర కూడా లేదు. 2020 జూన్‌లో ఒకటో తరగతిలో చేరాల్సిన పిల్లలు 2030 వేసవికి పదో తరగతి పరీక్షలు రాస్తారు. వాళ్ళ అక్షరాలను సరిదిద్దడానికి ఇంకా వ్యవధి ఉంది. వాళ్ళు హైస్కూలు గడప తొక్కినప్పుడే ఎవరో ఒకరు కూర్చుని చూడాలి. ఆరో తరగతిలో అక్షరాలు మళ్ళీ నేర్పడం నామోషీ అనుకోకూడదు.

ఇంటర్‌కు వచ్చేసరికి కథ ఇంకో మలుపు తిరుగుతుంది. ప్రవేశ పరీక్షల కోసం రెండేళ్ళూ బిట్లే, గుండ్రాలు నింపడమే, కంప్యూటర్ మీద నొక్కడమే. వారానికో పరీక్ష రాసే పిల్లవాడు కూడా వరుసగా రెండు పేజీలు రాయకుండా నెలలు గడిపేస్తాడు. ఆ చేతికే మార్చిలో ఒక్కసారిగా మూడు గంటల రాత పరీక్ష. మొదటి గంట బాగానే నడుస్తుంది. తర్వాత బొటనవేలి మొదట్లో నొప్పి, మణికట్టు బిగింపు. అక్షరాలు పెద్దవవుతాయి, వాలిపోతాయి, గీత దాటతాయి. ఒక జవాబు పత్రం మొదటి పేజీనీ చివరి పేజీనీ పక్కపక్కన పెట్టి చూస్తే ఇద్దరు వేర్వేరు మనుషులు రాశారేమో అనిపిస్తుంది. చివర్లో రాసేవి తెలియని ప్రశ్నలే అయి ఉండాలని ఏమీ లేదు. చాలామంది పిల్లలు చిన్న ప్రశ్నలు ముందు ముగించుకుని, ఎక్కువ మార్కుల ప్రశ్నను తీరిగ్గా రాద్దామని చివరికి ఉంచుకుంటారు. ఎక్కువ మార్కులున్న జవాబే ఎక్కువ అలసిన చేతితో పడుతుంది.

గాంధీజీ తన ఆత్మకథలో ఈ విషయం మీద చాలా నిజాయతీగా రాసుకున్నారు. మంచి చేతిరాత చదువులో భాగం కానక్కర్లేదన్న అభిప్రాయం చిన్నప్పుడు ఎలా వచ్చిందో తెలియదుగానీ, ఇంగ్లండు వెళ్ళేదాకా అది పోలేదట. దక్షిణాఫ్రికాలో అక్కడి న్యాయవాదుల, చదువుకున్న యువకుల దస్తూరి చూసి సిగ్గుపడి దిద్దుకోవాలని చూశారు, అప్పటికి ఆలస్యమైపోయింది. చేతిరాత గురించి మన బళ్ళలో గాంధీజీ పేరు ఎత్తినప్పుడల్లా ఆ సిగ్గు దగ్గరే ఆగిపోతాం. ఆయన దాని వెంటనే చెప్పిన మాట అసలైనది. పిల్లలకు ముందు బొమ్మలు గీయడం నేర్పాలి, పువ్వునో పిట్టనో చూసి పోల్చుకున్నట్టే అక్షరాన్నీ చూసి పోల్చుకోవాలి, వస్తువులు గీయడం వచ్చాకే అక్షరాలు రాయించాలి అన్నది ఆయన అభిప్రాయం. రాయడం కంటే ముందు చూడటం. తెలుగు లిపికి ఇది మరీ వర్తిస్తుంది. మన అక్షరాల్లో గుండ్రాలు, సున్నాలు, మెలికలే ఎక్కువ. వంకర గీత గీయడం వచ్చిన చేతికి అ, ఆలు బరువు కావు. బొమ్మల పీరియడును లెక్కల పీరియడుగా మార్చేసుకునే బళ్ళు ఈ సంగతి ఆలోచించాలి.

ఇక్కడిదాకా నేర్పితే వచ్చే పిల్లల గురించి. ఎంత నేర్పినా రాని పిల్లలు కొందరుంటారు. వాళ్ళు బద్ధకస్తులు కారు. మెదడు అనుకున్న ఆకారం చేతి దాకా రావడంలోనే ఇబ్బంది ఉన్నవాళ్ళు, కలం పట్టగానే వేళ్ళు బిగుసుకుపోయేవాళ్ళు. నోటితో అడిగితే గడగడా చెప్పే పిల్ల కాగితం ముందు నిలిచిపోతుంది. దీన్ని డిస్‌గ్రాఫియా అంటారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దీన్ని అభ్యసన వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది. పరీక్షల్లో రాసిపెట్టే సహాయకుణ్ణి, గంటకు కనీసం ఇరవై నిమిషాల అదనపు సమయాన్ని ఇవ్వడానికి 2018లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. అయితే అవి కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు పత్రం ఉన్నవాళ్ళ కోసం. ఆ అంకె అందని వాళ్ళ మాటేమిటి? రాసేటప్పుడు వేళ్ళు కొంకర్లు పోయే ఒక సివిల్ సర్వీసెస్ అభ్యర్థి ఈ ప్రశ్నతోనే సుప్రీంకోర్టు మెట్లెక్కారు. 2021 ఫిబ్రవరిలో జస్టిస్ చంద్రచూడ్ ధర్మాసనం ఆయన పక్షాన తీర్పు చెప్పింది. రాయడంలో నిజమైన ఇబ్బంది ఉన్న మనిషికి సహాయకుణ్ణి ఇవ్వడానికి 40 శాతం షరతు పెట్టకూడదంది. 2022లో అలాంటి వాళ్ళకోసం కేంద్రం విడిగా మార్గదర్శకాలు తెచ్చింది.

చట్టం ఇంత దూరం వచ్చింది. మారుమూల మండలంలోని ఎనిమిదో తరగతి పిల్లవాడి దగ్గరికి మాత్రం అది రాలేదు. అతనికి ఇంకా వినబడుతున్నది ‘ఇదేం రాత, కోడి కెలికినట్టు’ అన్న మాటే. వాళ్ళమ్మకు డిస్‌గ్రాఫియా అన్న పేరే తెలియదు. తెలిసినా పరీక్ష చేసి పత్రం ఇచ్చే వైద్యుడు ఉండేది పట్నంలో. పదో తరగతి ఫీజు కట్టే రోజుల్లో ఎవరో చెబితే పరుగెత్తే వ్యవహారం కాదిది. ఏడు, ఎనిమిది తరగతుల్లోనే బడి గుర్తుపట్టాలి. ఎడమచేతి వాటం పిల్లల సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. అన్నం తినే చేయి అంటూ, శుభకార్యాలకు పనికొచ్చే చేయి అంటూ వాళ్ళ చేతిలోని బలపాన్ని కుడిచేతికి మార్చే అలవాటు మన ఇళ్ళల్లో ఇంకా పూర్తిగా పోలేదు. మార్చకుండా వదిలేసిన పిల్లలకు బెంచీ మీద ఎడమవైపు చివర కూర్చునే చోటు కూడా ఇవ్వం. పక్కపిల్లవాడి కుడి మోచేయి తగులుతూ ఉంటే, రాసిన సిరా మీదుగానే చేయి జరుపుకుంటూ పోవాల్సిన ఆ పిల్లల పేజీల్లో అక్షరాలు అలుక్కుపోవడం వాళ్ళ తప్పు కాదు.

నియమాల సంగతి చూస్తే, యూపీఎస్సీ ఒక విషయంలో ముక్కుసూటిగా ఉంది. సివిల్ సర్వీసెస్ మెయిన్స్ నియమావళిలోనే, రాత తేలిగ్గా చదవడానికి వీలు లేకపోతే వచ్చిన మొత్తం మార్కుల్లో కోత పడుతుందని రాసిపెట్టింది. తెలుగు మాధ్యమంలో మెయిన్స్ రాసేవాళ్ళకూ అదే వర్తిస్తుంది. కఠినమైన నియమమే. కానీ పాతికేళ్ళ అభ్యర్థికి ముందే తెలిసిన నియమం. మన పదో తరగతి మార్కుల పట్టికల్లో రాతకు మార్కులు లేవు, కోతలూ లేవు. కోత మాత్రం పడుతూనే ఉంది, చెప్పకుండా, ఒక్కో పేపరులో ఒక్కోలా. పదిహేనేళ్ళ పిల్లకు తన మార్కు ఎక్కడ పోయిందో తెలియదు. తెలుసుకునే దారీ సరిగ్గా లేదు. పదో తరగతిలో సబ్జెక్టుకు రూ.500 కడితే రీకౌంటింగ్, రూ.1,000 కడితే రీవెరిఫికేషన్. మొదటిది మార్కులు మళ్ళీ కూడటం. రెండోదాంట్లో దిద్దకుండా వదిలేసిన జవాబులేమైనా ఉంటే దిద్దుతారు. ఒకసారి దిద్దిన జవాబును మళ్ళీ దిద్దడం అందులో లేదు. చదవలేక సున్నా వేసిన జవాబు కూడా లెక్కప్రకారం ‘దిద్దిన’ జవాబే. వెయ్యి రూపాయలు కట్టిన తండ్రికి తిరిగి అదే సున్నా వస్తుంది.

ఈ ఖాళీని పూడ్చాలి. ఇది బోర్డులు తలుచుకుంటే అయ్యే పని. చదవలేకపోయిన జవాబుకు ఏఈ సున్నా వేయకుండా ఒక గుర్తు పెట్టి చీఫ్ ఎగ్జామినర్ ముందు ఉంచాలి. ఇద్దరు చూసినా తెలియకపోతే మూడో మనిషి, వీలైతే ఆ సబ్జెక్టులో చేయి తిరిగిన పెద్ద టీచరు, తీరిగ్గా చూడాలి. క్యాంపులో అలాంటి పేపర్లు రోజుకు ఎన్నో రావు. బ్రిటన్‌లో పదహారేళ్ళ పిల్లలు రాసే జీసీఎస్‌ఈ పరీక్షల నిబంధనలు ఇంకా ముందుకు వెళ్ళాయి. దిద్దేవాళ్ళ బృందమంతా కలిసినా చదవలేనంత కష్టమైన రాత ఉన్న పిల్లల జవాబులకు, పరీక్ష అయ్యాక బడిలోనే శుద్ధప్రతి తయారుచేసి జతపరిచే వీలు ఉంది. రోజూ బడిలో టైపు చేసే అలవాటున్న పిల్లలకు, స్పెల్లింగు దిద్దే సౌకర్యం తీసేసిన కంప్యూటర్ మీద పరీక్ష రాసే అవకాశమూ ఉంది. రెండోది మన ప్రభుత్వ బడులకు ఇప్పట్లో అందేది కాదు. మొదటిది అందని ద్రాక్షేమీ కాదు.

బడుల వైపు నుంచి చేయాల్సింది ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. ఫిబ్రవరి, మార్చిలో ప్రీఫైనల్ పరీక్షలు పెడతారు. ఆ పేపర్లు దిద్దేది సొంత బడి టీచర్లే. అక్కడే మోసపోతున్నాం. ఐదేళ్ళుగా అదే పిల్ల నోట్సు దిద్దిన మాస్టారికి ఆమె రాత ఎలా ఉన్నా చదవడం వస్తుంది. ఆమె ‘ప’ ఎలా ఉంటుందో, ఏ మాటలో ఒత్తు మింగేస్తుందో ఆయనకు కంఠతా వచ్చు. ‘ద్రవం’ అని కనిపించినా ‘ద్రవ్యం’ అనే చదువుకుంటారు, తెలిసిన పిల్ల కాబట్టి. ప్రేమతో చదువుతారు, తొంభై మార్కులు వేస్తారు. ఏప్రిల్‌లో ఇంకో జిల్లా టీచరుకు ఆ పరిచయం లేదు. ప్రీఫైనల్‌లో తొంభై వచ్చిన పిల్లకు పబ్లిక్‌లో డెబ్బయ్యయిదు వస్తే, పరీక్ష రోజు భయపడి ఉంటుందనుకుంటాం. కనుక ప్రీఫైనల్ పేపర్లను మండలంలోని రెండు బడులు మార్చుకోవాలి. పేర్లు తీసేసి పక్క ఊరి బడికి పంపాలి. అక్కడి టీచరు మార్కులు వేయడంతో పాటు తనకు తెలియని మాటల కింద గీత గీసి తిప్పి పంపాలి. ఆ గీతలున్న పేపరు చూసుకున్న పిల్లకు తన రాతలో ఎక్కడ తేడా వస్తోందో ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు. పబ్లిక్‌కు ఇంకా రెండు మూడు వారాలు మిగిలి ఉంటాయి. మొత్తం దస్తూరి మారడానికి అది చాలదు. నాలుగైదు అక్షరాలు, మాటల మధ్య ఎడం, వరుసకూ వరుసకూ దూరం, ఇవి మారడానికి చాలు.

దిద్దే పద్ధతి కూడా మారుతోంది. కొన్ని విశ్వవిద్యాలయాలు జవాబు పత్రాలను స్కాన్ చేసి కంప్యూటర్ తెర మీద దిద్దిస్తున్నాయి. మన పదో తరగతి పరీక్షలకూ ఆ పద్ధతి రావచ్చు. తెర మీద లేత నీలం సిరా మరింత వెలిసిపోయినట్టు కనిపిస్తుంది, వెనక పేజీ సిరా ఇటు దిగినా తెలిసిపోతుంది. అప్పుడు ఏ పెన్నుతో రాయాలో, ఎంత మందం కాగితం ఇవ్వాలో ముందే ఆలోచించుకోవడం బోర్డుల పని. ఆ బాధ్యతను పిల్లల మీదికి తోయకూడదు.

ఇంకో చిన్న కోరిక. స్పాట్‌లో కూర్చున్న ఉపాధ్యాయులు వేల పేపర్లు చూస్తారు. మన పిల్లల చేతులు ఏ అక్షరాల దగ్గర తడబడుతున్నాయో వాళ్ళకంటే ఎక్కువ తెలిసినవాళ్ళు రాష్ట్రంలో ఉండరు. ఆ ఎరుక అంతా క్యాంపు చివరి రోజున రెమ్యూనరేషన్ బిల్లు మీద సంతకం పెట్టగానే చెదిరిపోతుంది. ఒక్కో క్యాంపు నుంచి ఒక్కో సబ్జెక్టుకు ఒక్క పేజీ చాలు. తెలుగులో ఏ అక్షరాలు కలిసిపోతున్నాయి, సైన్సులో ఏ పదాలు మారిపోతున్నాయి, లెక్కల్లో ఏ అంకెలు, బిట్ పేపరులో ఏ అక్షరాలు. చీఫ్ ఎగ్జామినర్లు దాన్ని చేత్తోనే రాసినా ఫర్వాలేదు. జూన్ 12న బడులు తెరిచేనాటికి ఆ పేజీ నకలు ప్రతి ప్రాథమిక పాఠశాలకూ, ప్రతి హైస్కూలుకూ చేరితే, ఒకటో తరగతిలో పలక పట్టించే టీచరమ్మకూ పదో తరగతి సారుకూ ఆ ఏడాది ఏ అక్షరాల మీద ఎక్కువసేపు కూర్చోవాలో తెలుస్తుంది.